తెల్లారేలోపు చెరువులో ఏం జరుగుతుంది? రొయ్యను బతికించే ఏరియేటర్ లెక్క ఇదీ..

తెల్లవారుజామున 4 గంటలు. భీమవరం చుట్టుపక్కల ఏ చెరువు గట్టు మీదికి వెళ్లినా ఒకటే చప్పుడు. నీళ్లను చిమ్ముతూ తిరిగే ఏరియేటర్ల హోరు. ఆ హోరు వినిపిస్తున్నంతసేపూ షెడ్డులో పడుకున్న కాపలా మనిషికి నిద్ర పడుతుంది. అది ఆగిందా.. ఠక్కున మెలకువ వచ్చేస్తుంది. టార్చిలైటు పట్టుకుని జనరేటర్ దగ్గరికి పరుగు పెడతాడు. ఎందుకంటే ఆ వేళ కరెంటు పోతే రెండు మూడు గంటల్లోనే మూడు నెలల కష్టం నీళ్లలో కలిసిపోవచ్చు.

రొయ్యల ఉత్పత్తిలో దేశంలోనే మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. పశ్చిమ గోదావరి, ఏలూరు, కృష్ణా, నెల్లూరు జిల్లాల్లో ఎన్నో కుటుంబాలకు ఇదే బతుకుదెరువు. సీడ్‌కి అప్పు, మేతకి అప్పు, కరెంటు బిల్లు, కౌలు.. పెట్టుబడంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. అంత పెట్టుబడినీ కాపాడేది నీళ్లలో కరిగిన కాస్తంత ఆక్సిజన్. దాన్నే రైతులు డీఓ అంటారు.

చుట్టూ అంత గాలి ఉండగా చెరువులో ఆక్సిజన్ ఎందుకు అయిపోతుంది? అదీ తెల్లవారుజామునే ఎందుకు? ఏరియేటర్ తిప్పితే అసలు ఎంత ఆక్సిజన్ వస్తుంది? రోజంతా తిప్పితే లాభమా, నష్టమా? ఈ ప్రశ్నలకు ఇంజినీరింగ్ పరిశోధన ఎప్పుడో జవాబులు చెప్పింది. ఆ లెక్కేంటో చూద్దాం.

గాలిలో బోలెడు.. నీళ్లలో చారెడు

మనం పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజనే. అంటే ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అదే ఒక లీటరు మంచినీళ్లు 30 డిగ్రీల వేడి దగ్గర తమలో కరిగించుకుని నిలుపుకోగలిగేది సుమారు 7.5 మిల్లీగ్రాములే. గాలితో పోలిస్తే 36వ వంతు. రొయ్యలు, చేపలు బతకాల్సింది ఆ కొంచెంతోనే.

నీళ్లు వేడెక్కే కొద్దీ ఈ సామర్థ్యం ఇంకా తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్లలో 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పడుతుంది. ఉప్పు పెరిగినా తగ్గుతుంది. అందుకే ఉప్పునీటి చెరువులకు ఎండాకాలంలో రెండు వైపుల నుంచీ దెబ్బ. పైగా వేడికి రొయ్య శ్వాస పెరుగుతుంది, దానికి కావాల్సిన ఆక్సిజనూ పెరుగుతుంది. సరుకు తగ్గినప్పుడే గిరాకీ పెరగడం అంటే ఇదే.

రొయ్య హాయిగా తిని పెరగాలంటే లీటరుకు 4 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా డీఓ ఉండాలి. 3 కంటే కిందకు పడితే మేత తినడం తగ్గుతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి పోతుంది. ఒకటి, ఒకటిన్నర దగ్గర ఎక్కువసేపు ఉంటే ప్రాణాలకే ముప్పు. చేపలైతే పైకి తేలి నోళ్లు తెరిచి గాలి కోసం ఆరాటపడతాయి, గట్టు మీద నుంచి చూసినా తెలిసిపోతుంది. రొయ్య అలా కాదు. అది అడుగున ఉండే ప్రాణి. రొయ్యలు పైకి తేలి గట్ల పక్కకు చేరాయంటే అప్పటికే పరిస్థితి చేయి దాటుతోందని అర్థం.

పగలు జమ.. రాత్రి ఖర్చు

చెరువు నీళ్లు ఆకుపచ్చగానో, గోధుమ రంగులోనో కనిపిస్తాయి కదా. ఆ రంగు ఎక్కువగా కంటికి కనిపించని సూక్ష్మ మొక్కలది. అదే ప్లాంక్టన్. పొలంలో పైరులాగే ఇవి కూడా ఎండ తగిలితే ఆహారం తయారు చేసుకుని ఆక్సిజన్‌ను వదులుతాయి. అందుకే ఎండ కాసిన రోజు మధ్యాహ్నం 2, 3 గంటలకు చెరువులో డీఓ 10 దాటి కూడా వెళ్తుంది. అంటే నీళ్లు మామూలుగా పట్టగలిగే దానికంటే ఎక్కువన్నమాట.

పొద్దు గూకగానే కథ మారిపోతుంది. ఎండ లేదు, తయారీ లేదు. కానీ ఊపిరి తీసుకోవడం ఆగదు. రొయ్యలు పీలుస్తాయి, పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన ప్లాంక్టనే రాత్రి తిరిగి పీలుస్తుంది. అడుగున పేరుకున్న మేత, మలం, చచ్చిన ప్లాంక్టన్‌ను కుళ్లబెట్టే బ్యాక్టీరియా కూడా పీలుస్తుంది. జమ నిల్, ఖర్చు ఫుల్. రాత్రి గడిచే కొద్దీ ఖాతా ఖాళీ అవుతూ వస్తుంది. మళ్లీ సూర్యుడు వచ్చేదాకా జమ ఉండదు కాబట్టి, అన్నిటికంటే తక్కువ నిల్వ ఉండేది సరిగ్గా తెల్లవారే ముందు. చెరువులో చావులు తెల్లవారుజామునే ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. చలికి సంబంధం లేదు. అదంతా ఆక్సిజన్ ఖాతా లెక్క.

ఎకరం చెరువులో ఉన్నది 36 కిలోలే

ఒక చిన్న లెక్క వేద్దాం. ఎకరం చెరువు, ఒకటిన్నర మీటరు లోతు. అందులో పట్టే నీళ్లు సుమారు 60 లక్షల లీటర్లు. డీఓ లీటరుకు 6 మిల్లీగ్రాములు ఉందనుకుంటే, ఆ చెరువు మొత్తంలో కరిగి ఉన్న ఆక్సిజన్ బరువు 36 కిలోలు. అంతే. అంత పెద్ద చెరువులో ప్రాణాలన్నిటికీ ఆ పూటకు ఉన్న నిల్వ ఒక సిమెంటు బస్తా బరువంత కూడా లేదు.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. రాత్రి గంటకు అర మిల్లీగ్రాము చొప్పున డీఓ పడుతుంటే, చెరువు గంటకు 3 కిలోల ఆక్సిజన్ తినేస్తోందని అర్థం. రొయ్య సైజు పెరిగి, మేత వాడకం ఎక్కువగా ఉన్న చివరి నెలలో ఈ ఖర్చు రెట్టింపు కూడా కావచ్చు.

ఒకప్పుడు టైగర్ రొయ్య వేసిన రోజుల్లో చెరువుల్లో పిల్ల పలచగా ఉండేది. 2009లో మన దేశంలో వనామీ సాగుకు అనుమతి వచ్చాక లెక్క మారింది. వనామీకి చదరపు మీటరుకు 60 పిల్లల వరకు నిబంధనలు ఒప్పుకుంటాయి. అంటే ఎకరానికి 2.4 లక్షలు. అంత పిల్లను ప్లాంక్టన్ ఇచ్చే ఆక్సిజన్ ఒక్కటే మోయలేదు. అందుకే ఏరియేటర్ ఇప్పుడు కావాలంటే పెట్టుకునే వస్తువు కాదు, అది లేకపోతే సాగే లేదు.

ఏరియేటర్ అసలు చేసే పని ఏంటి?

చాలామంది ఏరియేటర్ గాలిని నీళ్లలోకి కొడుతుందని అనుకుంటారు. ప్యాడిల్ వీల్ చేసే అసలు పని వేరు. అది నీళ్లను తుంపరలుగా గాలిలోకి విసురుతుంది. ఆక్సిజన్ నీళ్లలోకి దిగేది గాలీ నీరూ తాకే ఉపరితలం నుంచే. కదలకుండా ఉన్న చెరువుకు ఆ ఉపరితలం ఒక పలుచని పొర మాత్రమే. అదే నీటిని లక్షల చుక్కలుగా పగలగొడితే గాలి తగిలే చోటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. చుక్క తిరిగి చెరువులో పడేలోపు కాస్త ఆక్సిజన్ పట్టుకొస్తుంది. దాంతోపాటు చక్రం నీటిని ముందుకు నెట్టి, ఆక్సిజన్ అందిన నీటిని చెరువంతా తిప్పుతుంది.

రెక్క ఏ ఆకారంలో ఉండాలి, నీళ్లలో ఎంత లోతు మునగాలి, నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలి అన్నదానిపై 1980లలో అమెరికాలోని అలబామా రాష్ట్రం ఆబర్న్ యూనివర్సిటీలో విస్తృతంగా పరీక్షలు జరిగాయి. చెరువు నీటి నాణ్యత మీద ప్రపంచమంతా చదివే పుస్తకాలు రాసిన క్లాడ్ బాయిడ్ పనిచేసింది అక్కడే. ఆ పరీక్షల పద్ధతి సింపుల్. ట్యాంకులో నీళ్లు పోసి, రసాయనంతో అందులోని ఆక్సిజన్‌ను సున్నాకు తెచ్చి, ఏరియేటర్ తిప్పి, ఒక యూనిట్ కరెంటుకు ఎంత ఆక్సిజన్ నీళ్లలోకి ఎక్కిందో కొలుస్తారు. మంచి ప్యాడిల్ వీల్ యూనిట్‌కు సుమారు 2 కిలోలు ఎక్కిస్తుందని తేలింది. గొట్టాల ద్వారా అడుగు నుంచి బుడగలు వదిలే పద్ధతి లోతు తక్కువ చెరువుల్లో అందులో సగం కూడా ఇవ్వలేదు. కారణం తేలికే. ఒకటిన్నర మీటరు లోతులో బుడగ పైకి రావడానికి కొన్ని క్షణాలు చాలు. ఆక్సిజన్ కరిగేంత సమయం దానికి దొరకదు.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ 2 కిలోలు ట్యాంకులో, శుభ్రమైన నీటిలో, ఆక్సిజన్ సున్నా ఉన్నప్పుడు వచ్చే లెక్క. చెరువులో అంత రాదు.

ఖాళీ కడుపుకే ఆకలి ఎక్కువ

ఆక్సిజన్ నీళ్లలోకి ఎంత వేగంగా దిగుతుందన్నది నీళ్లలో ఎంత ఖాళీ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఖాళీ ఎక్కువుంటే గబగబా దిగుతుంది. నిండుతున్న కొద్దీ నెమ్మదిస్తుంది. నిండిపోతే ఆగిపోతుంది.

30 డిగ్రీల వేడి ఉన్న చెరువులో ఈ సూత్రం పెట్టి లెక్కిస్తే వచ్చే ఫలితం ప్రతి రైతూ గుర్తుపెట్టుకోదగ్గది. డీఓ మూడున్నర ఉన్నప్పుడు ఏరియేటర్ తన ట్యాంకు లెక్కలో సగం పని చేస్తుంది. డీఓ 5 ఉన్నప్పుడు మూడో వంతు. ఆరున్నర ఉన్నప్పుడు ఎనిమిదో వంతు. ఏడున్నర దాటితే సున్నా. కరెంటు మీటరు మాత్రం నాలుగు వేళల్లోనూ ఒకేలా తిరుగుతుంది.

ఇంకో మాట. మధ్యాహ్నం డీఓ 10 ఉన్న చెరువులో ఏరియేటర్ తిప్పితే ఆక్సిజన్ పెరగదు, తగ్గుతుంది. నీళ్లలో అదనంగా ఉన్న ఆక్సిజన్‌ను ఆ తుంపరలే గాలిలోకి వదిలేస్తాయి. అంటే డబ్బులు పెట్టి, రాత్రికి పనికొచ్చే నిల్వను పారబోసినట్టు.

మరి పగలు అస్సలు తిప్పకూడదా? అలా కూడా కాదు. ఎండకు పైనీరు వేడెక్కి తేలికవుతుంది, అడుగునీరు చల్లగా బరువుగా ఉండిపోతుంది. రెండూ కలవవు. ఆక్సిజనంతా పైన, రొయ్యలేమో అడుగున. అలాంటప్పుడు మధ్యాహ్నం కొంతసేపు ఒకటి రెండు ఏరియేటర్లు తిప్పితే పైనీరు కిందికి, కిందినీరు పైకి చేరి ఆక్సిజన్ అడుగుకు అందుతుంది. అంటే పగలు తిప్పేది కలపడానికి, రాత్రి తిప్పేది నింపడానికి. ఈ రెండు పనులకూ కావాల్సిన హార్స్‌పవర్ ఒకటి కాదు.

ఎకరానికి ఎన్ని హార్స్‌పవర్ కావాలి?

సాధారణంగా చెరువులో ఉన్న ప్రతి 400 నుంచి 500 కిలోల రొయ్యకు ఒక హార్స్‌పవర్ అని లెక్క వేస్తారు. ఎకరంలో 3 టన్నుల పంట ఉందంటే 6 నుంచి 8 హార్స్‌పవర్ అవసరం. 8 హార్స్‌పవర్ రాత్రి 10 గంటలు తిరిగితే సుమారు 60 యూనిట్లు. మోటారు నష్టాలు కలిపితే ఇంకాస్త ఎక్కువే. అందుకే ఆక్వా రైతుకు యూనిట్ ధర ఎంత అన్నది పంట ధర ఎంత అన్నంత పెద్ద విషయం.

ఇక్కడ ఒక తప్పు తరచూ జరుగుతుంటుంది. పిల్ల వేసిన మొదటి రోజు నుంచే అన్ని ఏరియేటర్లూ తిప్పేయడం, లేదంటే చివరి నెలలో కూడా మొదటి నెల లెక్కతోనే నడపడం. మొదటిది బిల్లు పెంచుతుంది, రెండోది చెరువు ముంచుతుంది. పంట బరువు పెరిగే కొద్దీ ఏరియేటర్లు పెంచుకుంటూ పోవడమే సరైన దారి.

పెట్టే చోటు కూడా ముఖ్యమే. ఏరియేటర్లన్నీ నీటిని ఒకే దిశలో నెట్టేలా పెడితే చెరువంతా ఒక చుట్టు తిరుగుతుంది. బురద, వ్యర్థాలు మధ్యకు చేరతాయి. మేత వేసే చోటు శుభ్రంగా ఉంటుంది. ఒకదానికొకటి ఎదురెదురుగా పెడితే ప్రవాహాలు ఢీకొని అక్కడక్కడా కదలని నీరు మిగిలిపోతుంది. అక్కడ అడుగున ఆక్సిజన్ అయిపోయి కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అది రొయ్యకు విషం.

రాత్రి 10 గంటలకే తెలిసిపోతుంది!

తెల్లవారుజామున డీఓ ఎంత ఉంటుందో ముందు రాత్రే చెప్పొచ్చా? చెప్పొచ్చు. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. బాయిడ్ బృందం 1978లోనే క్యాట్‌ఫిష్ చెరువుల కోసం ఈ పద్ధతిని వివరించింది. రాత్రి ఖర్చు దాదాపు ఒకే వేగంతో సాగుతుందన్నదే దీని ఆధారం.

ఉదాహరణకు రాత్రి 7 గంటలకు డీఓ కొలిస్తే 8 ఉంది. 10 గంటలకు మళ్లీ కొలిస్తే ఆరున్నర. మూడు గంటల్లో ఒకటిన్నర తగ్గింది, అంటే గంటకు అర. 10 నుంచి తెల్లవారుజాము 5 దాకా ఇంకా 7 గంటలు. ఏడు అరలు మూడున్నర. ఆరున్నర లోంచి మూడున్నర తీసేస్తే 5 గంటలకు మిగిలేది 3.

అంటే రాత్రి 10 గంటలకే రైతు చేతిలో రేపటి వార్త ఉన్నట్టే. 3 అంటే ప్రమాదపు అంచు. ఇంకో రెండు ఏరియేటర్లు ఎప్పుడు ఆన్ చేయాలో, జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో చూసుకోవడానికి చేతిలో ఏడు గంటల సమయం ఉంది. అదే కొలవకుండా పడుకుంటే, తెలిసేది రొయ్య పైకి తేలాకే.

కొలిచే పరికరం ఎలా పనిచేస్తుంది?

నీళ్లలో ఆక్సిజన్‌ను కచ్చితంగా కొలిచే రసాయన పద్ధతిని 1888లో హంగేరీకి చెందిన వింక్లర్ కనిపెట్టారు. సీసాలో నీరు పట్టి, చుక్కలు వేసి, రంగు మారేదాకా లెక్కపెట్టే ల్యాబ్ పరీక్షలకు మూలం ఇప్పటికీ అదే. 1950లలో అమెరికా శాస్త్రవేత్త లేలాండ్ క్లార్క్ రక్తంలో ఆక్సిజన్ కొలవడం కోసం పలుచని పొర ఉన్న ఎలక్ట్రోడ్ తయారు చేశారు. ఆస్పత్రి కోసం పుట్టిన ఆ పరికరమే తర్వాత చెరువు గట్టెక్కి డీఓ మీటర్ అయింది. కొత్తగా వచ్చిన ఆప్టికల్ సెన్సర్లలో కాంతి తగిలితే మెరిసే పూత ఉంటుంది. చుట్టూ ఆక్సిజన్ ఎక్కువుంటే ఆ మెరుపు త్వరగా తగ్గుతుంది. దాన్ని బట్టి డీఓ లెక్క కడుతుంది.

ఇప్పుడు సెన్సర్‌ను చెరువులోనే ఉంచి, డీఓ తగ్గగానే ఫోన్‌కు అలారం పంపే, ఏరియేటర్లను వాటంతటవే ఆన్ ఆఫ్ చేసే వ్యవస్థలు కూడా వచ్చాయి. అయితే చెరువు నీళ్లలో వారం ఉంచితే చాలు, సెన్సర్ మీద నాచు పడుతుంది. తుడవకపోతే తప్పు రీడింగ్ ఇస్తుంది. తప్పు చెప్పే మీటరును నమ్మడం అసలు మీటరు లేకపోవడం కంటే ప్రమాదం. కొలిచేటప్పుడు పైన కాదు, అడుగుకు దగ్గరగా కొలవాలి. రొయ్య ఉండేది అక్కడే కదా.

ముసురు పట్టిందా.. జాగ్రత్త

ఎండ లేని రోజు పగలు జమ తక్కువ, రాత్రి ఖర్చు మాత్రం మామూలే. అలా రెండు మూడు రోజులు ముసురు పడితే నిల్వ అడుగంటుతుంది. గట్టి వాన పడితే ఇంకో ఇబ్బంది. వాననీరు తేలిక, చెరువులో ఉప్పునీరు బరువు. వాననీరు పైన పొరలా పరుచుకుని అడుగు నీటికి గాలి అందకుండా చేస్తుంది. అలాంటప్పుడు పగలైనా సరే ఏరియేటర్లు తిప్పాల్సిందే.

నీళ్ల రంగు ఉన్నట్టుండి తేలిపోయిందంటే ప్లాంక్టన్ చచ్చిపోయిందని అర్థం. పగలు ఆక్సిజన్ ఇచ్చే ఫ్యాక్టరీ మూతపడింది. పైగా ఆ చచ్చినదంతా కుళ్లి ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఆ రాత్రి కాపలా రెట్టింపు ఉండాలి.

ఇక మేత. చెరువులో వేసే ప్రతి కిలో మేత, రొయ్య తిన్నా, అడుగున కుళ్లినా, చివరికి కిలోకు పైగా ఆక్సిజన్‌ను ఖర్చు చేయిస్తుంది. రోజుకు 60 కిలోల మేత వేస్తే 60 కిలోలకు పైగా ఆక్సిజన్ అప్పు చేసినట్టే. చెరువులో నిల్వ 36 కిలోలే అన్నది గుర్తుందిగా. అందుకే ముసురు రోజున మేత తగ్గించడం అంటే కరెంటు ఖర్చు లేకుండా ఏరియేటర్ పెట్టుకున్నట్టే. చెక్ ట్రేలో మేత మిగులుతున్నా కొలత తగ్గించకపోతే ఆ బరువు రాత్రికి డీఓ మీద పడుతుంది.

బిళ్లలు వేస్తే సరిపోతుందా?

అత్యవసరంలో ఆక్సిజన్ బిళ్లలు, పొడి చల్లడం మామూలే. వీటిలో ఎక్కువగా ఉండేది సోడియం పెర్‌కార్బొనేట్. కిలో పొడి నుంచి విడుదలయ్యే ఆక్సిజన్ 150 గ్రాముల లోపే. ఎకరం చెరువులో డీఓ ఒక్క మిల్లీగ్రాము పెరగాలంటే 6 కిలోల ఆక్సిజన్ కావాలి. అంటే 40 కిలోలకు పైగా పొడి చల్లాలి. గంటకు 3 కిలోలు తినే చెరువులో అదీ రెండు గంటల ముచ్చటే. రొయ్యలు గుమిగూడిన చోట చల్లి, జనరేటర్ స్టార్ట్ అయ్యేదాకా ఊపిరి నిలపడానికి ఇవి పనికొస్తాయి. ఏరియేటర్‌కు మాత్రం ప్రత్యామ్నాయం కావు.

కరెంటు పోతే చేతిలో ఎంత సమయం?

ఇదంతా చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తుంది. పంట నిండుగా ఉన్న చెరువులో డీఓ 4 ఉంది. ఏరియేటర్లు ఆగాయి. గంటకు ఒక మిల్లీగ్రాము చొప్పున పడితే, రెండు గంటల్లో 2కు వస్తుంది. ఆ తర్వాత ప్రతి నిమిషం గండమే. అదే 10 గంటల లెక్క చూసుకుని, ముందే డీఓను 5 దగ్గర నిలబెట్టి ఉంటే ఇంకో గంట చేతిలో ఉండేది. లైన్‌మన్ రావడానికో, పక్క చెరువు వాళ్ల దగ్గర్నుంచి డీజిల్ తేవడానికో ఆ గంట చాలు.

అందుకే జనరేటర్ ఉందా అన్నది సగం ప్రశ్న. మిగతా సగం, అది ఈ వారం ఒక్కసారైనా స్టార్ట్ చేసి చూశారా అన్నది. కరెంటు పోగానే మోగే అలారం ఉందా? నీళ్లలో తిరిగే మోటార్లకు ఎర్తింగ్, కరెంటు లీకైతే ఆపే బ్రేకర్ ఉన్నాయా? చీకట్లో, కంగారులో, తడి చేతులతో స్టార్టర్ ముట్టుకునేది మనిషి. చెరువులో పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు, గట్టు మీద ప్రాణం పోతే తిరిగిరాదు.

ఏరియేటర్ల సంఖ్య పెంచుకుంటూ పోవడం ఒక దారి. దానికి డబ్బు కావాలి. సాయంత్రం ఒకసారి, రాత్రి 10కి ఒకసారి డీఓ కొలిచి, నోట్‌బుక్‌లో రాసుకుని, చిన్న తీసివేత చేసుకోవడం ఇంకో దారి. దానికి ఒక మీటరు, ఐదు నిమిషాలు చాలు. తెల్లవారుజామున ఏం జరుగుతుందో చెరువు ముందు రాత్రే చెబుతుంది. ఆ మాట వినేవాళ్లు గట్టు మీద ఉండాలి, అంతే.